మైనం డ్రమ్ము మూత తిప్పే ముందు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో రంగులు, ఇంకులు తయారుచేసే ఒక కంపెనీలో స్టోర్ చూస్తాను. మొదట చేరింది వేరేచోట, డ్రమ్ములు దొర్లించే హెల్పర్‌గా. అన్నీ కలిపి 22 ఏళ్లు. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన సరుకుల్లో అందరూ మరీ చులకనగా చూసేది ఒకటుంది. కాగితాల్లో దాని పేరు వాక్స్ డిస్పర్షన్. షెడ్డులో అందరూ అనేది మాత్రం ‘మైనం డ్రమ్ము’. యాసిడ్ అంటే రెండడుగులు వెనక్కి వేసే మనిషి, మైనం అనేసరికి చేయి పెట్టి కలుపుతాడు. మైనం అంటే కొవ్వొత్తి, తేనెపట్టు అంతే కదా అని ధీమా.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల మంది పోయాక, మా దగ్గర కొత్త కుర్రాళ్లు ప్రతి డ్రమ్మునూ చూపించి “అన్నా, ఇది కూడా పేలుతుందా?” అని అడగడం మొదలుపెట్టారు. అంతకుముందు ఎవరూ అడిగేవాళ్లు కాదు. మైనం డ్రమ్ము గురించి వాళ్లకు నేను నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ డ్రమ్ములో ఏముందో చూద్దాం. పాలిథిలిన్ మైనాన్ని కొన్ని మైక్రాన్ల సైజు రేణువులుగా చేసి ఒక ద్రవంలో తేలేలా ఉంచుతారు. చూడ్డానికి గడ్డపెరుగులా, పల్చటి తెల్ల గంజిలా ఉంటుంది. చెక్క పాలిష్‌కి మెరుపు లేని మ్యాట్ ఫినిష్ రావాలన్నా, అచ్చువేసిన కవరు మీద ఇంకు గోకితే ఊడకూడదన్నా ఇది కొంచెం కలుపుతారు. మరి ఆ ద్రవం ఏమిటి? చాలా రకాల్లో అది జైలీన్, లేదా టోలీన్, బ్యూటైల్ ఎసిటేట్, ఎంటీవో (మినరల్ టర్పెంటైన్). వీటన్నిటినీ కలిపి సాల్వెంట్లు అంటాం, రంగు పల్చన చేసే థిన్నర్‌లో ఉండేవి ఇవే, ఇట్టే అంటుకుంటాయి. 180 కిలోల డ్రమ్ములో మైనం 15 శాతం అనుకుంటే 27 కిలోలు. మిగతా 153 కిలోలూ సాల్వెంటే. మనం దొర్లిస్తున్నది మైనాన్ని కాదు, థిన్నర్‌ని. ఈ లెక్క ఒక్కటి బుర్రకెక్కితే, కింద చెప్పేవాటిలో సగం మీకే తోస్తాయి.

రెండో రకం నీళ్లలో చేసేది. దాన్ని వాక్స్ ఇమల్షన్ అంటారు. అది అంటుకోదు. దాని బాధలు వేరే ఉన్నాయి, తర్వాత చెప్తాను. చిక్కేమిటంటే, మూత తీసి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. వాసన చూసి కనిపెడదాం అనుకోకండి, డ్రమ్ము మీద ముక్కు పెట్టే అలవాటు అసలు వద్దు. నేను చేసే పని ఇది: లారీ దిగగానే లేబుల్ చూసి, సాల్వెంట్ డ్రమ్ముకు నడుము చుట్టూ ఎర్ర పట్టీ, నీళ్ల డ్రమ్ముకు నీలం పట్టీ పెయింట్‌తో వేయిస్తాను. మా హెల్పర్లలో ఒడిశా, బిహార్ వాళ్లు ఎక్కువ. ఇంగ్లిష్ లేబుల్ వాళ్లకీ రాదు, మనవాళ్లలో చాలామందికీ రాదు. రంగు అందరికీ అర్థమవుతుంది.

లేబుల్ మీద ఎర్ర అంచు ఉన్న డైమండ్ బొమ్మలు ఉంటాయి. మంట బొమ్మ ఉంటే అంటుకుంటుంది. ఆశ్చర్యార్థకం ఉంటే చర్మానికో, కంటికో, ముక్కుకో మంట పుట్టిస్తుంది. ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మను చాలామంది వదిలేస్తారు. అది లోపలి అవయవాలకు నెమ్మదిగా చేసే హాని గురించి. టోలీన్ ఉన్న సరుకు మీద ఆ బొమ్మ ఉంటుంది, కడుపులో బిడ్డకు హాని చేయవచ్చన్న అనుమానం కూడా అందులో ఒక కారణం. మా ప్యాకింగ్‌లో ఆడవాళ్లు పనిచేస్తారు. గర్భం అని తెలిసిన రోజు నుంచి సాల్వెంట్ సెక్షన్ దగ్గరికి పంపకూడదు. ఇది చెప్పుకోవడానికి వాళ్లు మొహమాటపడతారు, కాబట్టి సూపర్‌వైజరే ముందుగా అందరికీ కలిపి చెప్పేయాలి.

సరుకుతోపాటు 16 భాగాల కాగితం ఒకటి రావాలి, ఎస్‌డీఎస్, అంటే సేఫ్టీ డేటా షీట్. పాతవాళ్లు ఇంకా ఎమ్మెస్డీయెస్ అనే అంటారు. రాకపోతే ఫోన్ చేసి అడగండి, అడిగితే ఇవ్వాల్సిందే. మొత్తం చదివే ఓపిక నాకూ లేదు. 2వ భాగంలో ప్రమాదాలు, 4లో ప్రథమ చికిత్స, 7లో నిల్వ, 8లో గ్లౌజులు, మాస్కుల సంగతి, 9లో ఫ్లాష్ పాయింట్. ఈ ఐదూ చదివి, తెలుగులో ఒక పేజీ రాసి, స్టోర్ తలుపు మీద అతికిస్తాను.

ఫ్లాష్ పాయింట్ అంటే ఆ ద్రవం నుంచి నిప్పు అంటుకునేంత ఆవిరి లేవడానికి ఎంత వేడి చాలో ఆ అంకె. టోలీన్‌కి 4 డిగ్రీలు. అంటే మన ఊళ్లో ఏ రోజైనా, ఏ వేళైనా సిద్ధంగా ఉన్నట్టే. జైలీన్‌కి 25 నుంచి 30 డిగ్రీల మధ్య. చలికాలం తెల్లవారుజామున పటాన్‌చెరులో మంచు కురుస్తున్నప్పుడు జైలీన్ డ్రమ్ము కాస్త నెమ్మదస్తుడు. అదే డ్రమ్ము ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద ఉంటే వేరే జంతువు. “నిన్నగాక మొన్న జనవరిలో ఇలాగే చేశాం కదా, ఏమీ కాలేదు” అనే మాట వేసవిలో చెల్లదు.

నిల్వ గురించి రెండు మాటలే. నీడ, గాలి, కింద సిమెంటు గట్టు, కారితే గట్టు దాటి పోకుండా చుట్టూ అంచు. 35 డిగ్రీల లోపు ఉంచితే మంచిది. ఎండలో డ్రమ్ము ఉబ్బుతుందన్నది అందరికీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. జైలీన్‌లో తేలే మైనం 40 డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది. మళ్లీ చల్లబడ్డప్పుడు రవ్వలా గట్టిపడుతుంది. ఆ డ్రమ్ముతో చేసిన పాలిష్ నిండా పలుకులే. ఓనర్‌కి ‘మనుషులకు ప్రమాదం’ అంటే చెవికెక్కకపోతే ‘బ్యాచ్ పోతుంది’ అని చెప్పండి. నీడకు రేకు వేయించుకోవడానికి నేను వాడిన వాదన అదే.

మూత తీయడం, కలపడం

ఎండలో దిగిన డ్రమ్మును ఆ రోజు తెరవకండి, నీడలో ఒక రాత్రి ఉండనివ్వండి. చిన్న మూతను ఇత్తడి కీతో పావు చుట్టు తిప్పి ఆగండి. ‘సుస్’ మని గాలి వస్తుంది. అది ఆగాకే మిగతా చుట్లు. ముఖం మూతకు నేరుగా పెట్టవద్దు, పక్కకు నిలబడండి. ఉలి, సుత్తి పెట్టి కొట్టే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇనుము మీద ఇనుము కొడితే నిప్పురవ్వ వస్తుందని మనకు తెలుసు కదా.

నిల్వ ఉన్న డ్రమ్ములో మైనం పైకి తేలో, కిందికి దిగో ఉంటుంది. కలపాలి. గాలితో తిరిగే స్టిర్రర్ ఉంటే అది, లేకపోతే ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు (లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించనిది) ఉన్నది, నెమ్మదిగా. గోడకు బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ మిషన్‌కి ఫ్యాను రెక్క బిగించి కలపడం చాలా షెడ్లలో చూశాను. డ్రిల్లులో కార్బన్ బ్రష్‌ల దగ్గర ఎప్పుడూ నిప్పురవ్వలే, స్విచ్ మీటలో ఇంకోటి. దాన్ని సరిగ్గా ఆవిరి లేచే మూతి మీద పట్టుకుంటున్నారు. మామూలు టేబుల్ ఫ్యానూ అంతే.

చలికి గట్టిపడితే డ్రమ్ము కింద గ్యాస్ పొయ్యి పెట్టే ధైర్యవంతులూ ఉన్నారు. వద్దు. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో, మూత కాస్త వదులు చేసి, 35 దాటకుండా థర్మామీటర్ చూస్తూ ఉంచండి. సగం రోజు పడుతుంది, పట్టనివ్వండి. మైనం, జైలీన్ కలిపి వేడిచేసి సొంతంగా డిస్పర్షన్ వండుకునే చిన్న యూనిట్లు కూడా ఉన్నాయి. ఆ పద్ధతి ఇక్కడ చెప్పను. మూసిన రియాక్టరు, కండెన్సరు, నైట్రోజన్ లేకుండా అది చేయదగ్గ పని కాదు.

బకెట్టు కథ

2006 జనవరి. నేను అప్పుడు ఒక చిన్న యూనిట్‌లో ఉన్నాను. డ్రమ్మును స్టాండు మీద పడుకోబెట్టి, దానికి కొళాయి బిగించి, 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టును కొళాయికి తగిలించి వదిలాను. బకెట్టుకు ఇనుప తీగ హ్యాండిల్. ధార సన్నగా పడుతోంది. పొద్దున తొమ్మిదిన్నర, పెదాలు పగిలేంత పొడి చలి. బకెట్టు సగం నిండాక సర్దుదామని చేయి వేశాను. చిటుక్కుమంది. తర్వాత ‘భగ్’మంది. మంట బకెట్టు అంచు దాకా లేచి నా కనుబొమ్మలు తీసుకుపోయింది. అక్కడున్న పెద్దాయన పక్క డ్రమ్ము మూతరేకు తెచ్చి బకెట్టు మీద బోర్లించి, కొళాయి కట్టేశాడు. ఆయన ఐదు సెకన్లు ఆలస్యం చేసి ఉంటే ఇది రాయడానికి నేను లేను. ఎడమ మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది.

అక్కడ బీడీ లేదు, వైరు లేదు, ఏ నిప్పూ లేదు. “దిష్టి తగిలింది” అని నిమ్మకాయ కోశారు. నాలుగేళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌లో కూర్చుంటే అర్థమైంది. జైలీన్, టోలీన్ లాంటివి కరెంటును సరిగా పోనివ్వవు. గొట్టంలోంచి జారేటప్పుడు, ధారగా పడేటప్పుడు వాటిలో స్టాటిక్ పోగవుతుంది, ఊలు స్వెటర్ విప్పినప్పుడు చిటపటమన్నట్టు. ప్లాస్టిక్ బకెట్టు ఆ ఛార్జిని నేలకు పోనివ్వదు. అది ఇనుప హ్యాండిల్ మీద చేరి కూర్చుని, దగ్గరలో ఉన్న కొళాయికో, నా వేలికో దూకింది. ఆ ఆవిరి అంటుకోవడానికి కావలసిన నిప్పు ఎంత తక్కువంటే, మన ఒంటి నుంచి తలుపు గొళ్లానికి దూకే చిటుకులో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. గాలి పొడిగా ఉన్న రోజు ఇది ఇంకా ఎక్కువ. వేసవిలోనే మంటలు వస్తాయనుకుని జనవరి, ఫిబ్రవరిల్లో ఏమరుపాటుగా ఉంటాం.

కాబట్టి సాల్వెంట్ డిస్పర్షన్ పోయడానికి ఇనుప బకెట్టే. డ్రమ్ము నుంచి ఎర్తింగ్ పిట్‌కు (ఎర్తు కోసం నేలలో తీసిన గుంతకు) ఒక రాగి వైరు, డ్రమ్ము నుంచి బకెట్టుకు ఇంకో వైరు. ముందు ఆ వైర్ల క్లిప్పులు పెట్టాలి, తర్వాత మూత తీయాలి. పోయడం అయ్యాక ముందు మూత వేయాలి, తర్వాత క్లిప్పులు తీయాలి. ఈ వరుస మారకూడదు, ఎందుకంటే క్లిప్పు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చిటుకు రావచ్చు, అప్పటికి ఆవిరి బయట ఉండకూడదు. క్లిప్పు పళ్లు పెయింట్ మీద కాదు, గీకిన ఇనుము మీద కరవాలి. మా దగ్గర డ్రమ్ము అంచు దగ్గర రూపాయి బిళ్లంత మేర ఆకురాయితో గీకించేది మూత తెరవకముందే, అదీ బయట ఆవరణలో. నెలకోసారి మల్టీమీటర్‌తో క్లిప్పు నుంచి ఎర్తుకు చూస్తాం, 10 ఓమ్‌లు దాటితే వైరు మార్చేస్తాం. ఎలుకలు కొరికిన వైరు గోడకు వేలాడుతూ ‘ఎర్తింగ్ ఉంది సార్’ అనిపించుకునే చోట్లు చాలా ఉన్నాయి.

పైనుంచి ధార కొట్టకుండా గొట్టం మూతి పాత్ర అడుగు దాకా దించండి. మూతి మునిగేదాకా నెమ్మదిగా వదలండి. పోయడం ఆపిన వెంటనే ఇనుప కడ్డీతో లోతు కొలవకండి, కాసేపు ఆగండి. తెరిచిన డ్రమ్ము పక్కన ప్యాలెట్ మీది ప్లాస్టిక్ ఫిల్మ్ చరచరా లాగకండి, దాని స్టాటిక్ మామూలుది కాదు. మైనపు పొడిని ప్లాస్టిక్ సంచిలోంచి నేరుగా సాల్వెంట్ ఉన్న మిక్సర్లోకి కుమ్మరించడం అన్నిటికన్నా చెడ్డది. పొడి ముందు వేసి సాల్వెంట్ తర్వాత పట్టండి, లేకపోతే మూసిన హాపర్ (గరాటు లాంటి తొట్టి) పెట్టించండి. ఒంటి మీద కాటన్ బట్టలే ఉండాలి. రబ్బరు స్లిప్పర్లు వద్దు, యాంటీస్టాటిక్ బూట్లు వేసుకోండి. ఫోన్ లాకర్లో పెట్టి రండి. రీల్స్ చూడ్డానికి టీ టైమ్ ఉందిగా.

ఊపిరి, చర్మం

ఈ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లకు పైగా బరువు. నేలబారున పాకి గుంతల్లోకి, డ్రైనేజీలోకి, మెట్ల కిందికి చేరుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పైకప్పు దగ్గర పెట్టి మురిసిపోతే లాభం లేదు, పీల్చే మూతి నేలకు ఓ జానెడు ఎత్తున ఉండాలి. ఫ్యాను ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండాలి.

మొదటి గంట ఘాటుగా అనిపించే వాసన రెండో గంటకు తెలియదు. వాసన తగ్గి కాదు, ముక్కు అలవాటుపడి. షిఫ్టు చివర తలనొప్పి, తల తిరగడం, ఊరికే నవ్వు రావడం, వాంతి వచ్చినట్టుండటం కనిపిస్తే ఆ మనిషిని వెంటనే బయటి గాలికి తీసుకురండి. “ఎండ దెబ్బలే” అని మజ్జిగ ఇచ్చి మళ్లీ లోపలికి పంపడం మనవాళ్ల పద్ధతి. మజ్జిగ ఇవ్వండి, లోపలికి మాత్రం పంపకండి. గుడ్డ మాస్కూ, కరోనా నాటి ఎన్95 కూడా ఆవిరిని ఆపవు, అవి దుమ్ముకే. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే సాల్వెంట్ ఆవిరిని పట్టే డబ్బా ఉన్న హాఫ్ మాస్కు కావాలి. గడ్డం పెంచితే అది సరిగ్గా అతకదు. వాడనప్పుడు జిప్ కవర్లో పెట్టండి, గోడకు వేలాడదీస్తే ఊరికే గాలి పీల్చి చచ్చిపోతుంది. ఇంకో సంగతి. సాయంత్రం మందు తాగితే జైలీన్ ఒంట్లోంచి పోవడం ఆలస్యమవుతుంది. “అలసటకి రెండు పెగ్గులు” వేసేవాళ్లకు పొద్దున లేచాక తల ఎందుకంత బరువో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

గ్లౌజుల విషయంలో నేను చాలా ఏళ్లు మోసపోయాను. సన్నటి నీలం నైట్రైల్ గ్లౌజు వేసుకుంటే సరిపోతుందనుకున్నా. టోలీన్ దాంట్లోంచి కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది. చుక్క పడితే తీసి మార్చుకునేట్టయితే సరే, చేయి తడుపుకునే పనికి పనికిరాదు. అలాంటి పనికి వైటాన్ అనే రకం రబ్బరు గ్లౌజు కావాలి, ఖరీదు ఎక్కువ. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) గ్లౌజు కూడా ఆపుతుంది కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. పాలతొట్టి కడిగే రబ్బరు గ్లౌజు ఉబ్బి చేతికే అతుక్కుంటుంది.

చేతులకు మైనం అంటితే థిన్నర్‌తో కడుక్కోవడం పెద్ద రోగం. థిన్నర్ చర్మంలోని నూనెను లాగేస్తుంది, పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలోంచి ఇంకా లోపలికి పోతుంది. కొబ్బరినూనె రాసి, పాత గుడ్డతో తుడిచి, సబ్బుతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు. 15 నిమిషాలంటే చాలాసేపు, పక్కన ఇంకొకరు గడియారం చూస్తూ ఉండాలి, లేకపోతే రెండు నిమిషాలకే చాలంటారు. డ్రమ్ములోంచి నోటితో గొట్టం పీల్చి తీయడం ఎవరు నేర్పారో గానీ, మింగితే వాంతి చేయించకూడదు. వాంతిలో సాల్వెంట్ ఊపిరితిత్తుల్లోకి జారితే కడుపులో ఉన్నదానికన్నా ఎక్కువ ప్రమాదం. నేరుగా 108కి ఫోన్ చేసి, లేబుల్ ఫోటో తీసి వెంట పంపండి.

కొన్ని డిస్పర్షన్లలో మైనంతో పాటు పీటీఎఫ్‌ఈ ఉంటుంది, నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పదార్థమే. ఆ చేత్తో బీడీ ముట్టించుకుంటే, అంటిన రేణువులు బీడీ నిప్పులో కాలి పొగతో లోపలికి పోతాయి. కొన్ని గంటలకు చలిజ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఫ్లూ అంటాడు, ఎందుకంటే అలాగే ఉంటుంది. స్టోర్ బయటికి వెళ్లి తాగినా ఇది వస్తుంది. చేయి కడగాలి, బీడీ కట్ట డ్యూటీ చొక్కా జేబులో ఉండకూడదు.

నీలం పట్టీ డ్రమ్ములు

నీళ్ల ఇమల్షన్ అంటుకోదు కదా అని దాన్ని పసిపిల్లలా చూడకండి. అది పాడవకుండా ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ చాలావాటిలో కలుపుతారు. అది కొందరి చర్మానికి పడదు. ఒకసారి అలర్జీ మొదలైందంటే తర్వాత చుక్క తగిలినా వేళ్ల సందుల్లో దురద, పొక్కులు. మా దగ్గర ఒకాయన ఆరు నెలలు చర్మవ్యాధుల డాక్టర్ల చుట్టూ తిరిగాడు, చివరికి పని మార్చాకే తగ్గింది. ఇక్కడ మాత్రం నైట్రైల్ గ్లౌజు చక్కగా పనిచేస్తుంది. కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది, మూసిన గదిలో మూత తీస్తే కళ్లు మండుతాయి. హైవే పనుల్లో కాంక్రీటు ఆరిపోకుండా తెల్లటి మైనపు ద్రవం స్ప్రే చేస్తుంటారు చూడండి, అదీ ఈ కుటుంబమే. గాలి వచ్చే వైపు వీపు పెట్టి, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని కొట్టాలి. కూలీలు తువ్వాలు చుట్టుకుని కొడుతుంటే బస్సులోంచి చూస్తూ ఏం చేయలేక కూర్చుంటాను.

ఇది నేల మీద ఒలికితే అసలు ప్రమాదం జారడం. నేలకు పాలిష్ వేసేదే దీనితో కదా. ఆరాక తుడుద్దాం అనుకుంటే గాజులా అవుతుంది. తడిగా ఉన్నప్పుడే ఇసుక చల్లి ఎత్తేసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో రుద్దించండి.

ఒలికినా, అంటుకున్నా

సాల్వెంట్ రకం ఒలికితే మొదటి పని చీపురు కాదు. చుట్టుపక్కల మోటార్లు, పొయ్యిలు, వెల్డింగ్ ఆపించాలి. ఆవిరి లేచిన చోట ఉన్న స్విచ్ మాత్రం ఆన్‌గా ఉంటే ఆన్‌గానే ఉండనివ్వండి, దూరంగా మెయిన్ దగ్గర ఆపండి. తర్వాత ఇసుకతో కట్ట వేసి, ఇసుకే చల్లి, ఇత్తడి లేదా ప్లాస్టిక్ పారతో మూత ఉన్న ఇనుప డ్రమ్ములోకి ఎత్తండి. రంపపు పొట్టు చవకగా దొరుకుతుందని వాడతారు. అది సాల్వెంట్ పీల్చుకున్న వత్తి అవుతుంది. కాలువలోకి కడిగేయడం మాత్రం పాపం. ఫ్యాక్టరీల మురుగుతో పాడైన మా నక్కవాగు పక్కన పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంటుకుంటే ఫోమ్, పొడి సిలిండరు, సీవోటూ వాడండి. పైపుతో నీళ్లు కొడితే సాల్వెంట్ నీళ్ల మీద తేలి మంటను ఊరేగిస్తుంది. నీళ్లు పక్క డ్రమ్ములను చల్లబరచడానికే. ఒక సిలిండరు అయిపోయినా మంట ఆగకపోతే రెండోదాని కోసం వీరత్వం వద్దు, బయటికి వచ్చి 101 కొట్టండి.

ఖాళీ డ్రమ్ము

నిండు డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్ముకే నేను ఎక్కువ భయపడతాను. లెక్క చూడండి. జైలీన్ ఆవిరి గాలిలో 1 శాతం ఉంటే చాలు, పేలుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో 1 శాతం అంటే 2 లీటర్ల ఆవిరి. ఆ ఆవిరి రావడానికి కావలసిన ద్రవం దాదాపు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు. బోర్లించి కార్చిన డ్రమ్ములో కూడా గోడలకు అంటిన మైనం ముద్దలో అంతకన్నా ఎక్కువే దాగి ఉంటుంది. నిండు డ్రమ్ములో గాలికి చోటు తక్కువ. ఖాళీదాంట్లో గాలీ ఆవిరీ సరిగ్గా కావలసిన పాళ్లలో కలుస్తాయి. అలాంటి డ్రమ్ము మీద గ్యాస్ కట్టర్ పెడితే మూత రేకు ముందు ఎగిరేది కోసేవాడి మీదికే. నీళ్లతో ఒకసారి తొలిపి ‘కడిగాం’ అంటారు. నీళ్లకు మైనం వదలదు.

ఈ డ్రమ్ములు పాత ఇనుము వాళ్లకు, నీళ్లు పట్టుకునే వాళ్లకు, తందూరీ పొయ్యిలు చేసేవాళ్లకు అమ్మకండి. అడిగేవాళ్లలో మన బంధువులే ఉంటారు, మా బావమరిది కూడా ఇంటి పనికి రెండు అడిగాడు. ఇవ్వలేదు, ఏడాది మాట్లాడలేదు. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములు కూడా 2016 నాటి నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాలే. మూతలు బిగించి, ‘ఖాళీ’ అని రాసి, నీడలో ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు గానీ, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి గానీ కాగితాలతో పంపాలి. తుడిచిన గుడ్డలూ అంతే, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి పంపండి. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు మాత్రం వీటితో కలపకండి. అవి కుప్పగా ఉంటే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి, వాటిని నీళ్లలో ముంచి ఉంచాలి.

మిక్సరు లోపలికి దిగాల్సి వస్తే

గోడకు అంటిన మైనం గీకడానికి మనిషిని లోపలికి దించే ముందు, బయటి నుంచి పొడవాటి బ్రష్‌తో, సాల్వెంట్ తిప్పి కడగడంతో ఎంతవరకు పోతుందో చూడండి. మాకు పదిలో తొమ్మిదిసార్లు అంతటితో అయిపోతుంది. తప్పనిసరైతే మోటారు ఫ్యూజు పీకి, తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులో పెట్టండి. బ్లోయర్‌తో గాలి కొట్టించి, గ్యాస్ మీటర్ దించి ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉందో, ఆవిరి ఉందో లేదో చూడండి. మీటర్ లేకపోతే పని లేదు. లోపలికి తీసుకెళ్లే చేతి లైటు 24 వోల్టులు దాటకూడదు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ మాట ఉండేది, అదీ ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండాలి. కార్ట్రిడ్జ్ మాస్కు ఇక్కడ పనికిరాదు, అది గాలిని వడగడుతుంది గానీ ఆక్సిజన్ పుట్టించదు.

దిగినవాడి నడుముకు కాదు, భుజాలకు బెల్టు, దానికి పగ్గం, పైన కప్పీ. పగ్గం కొస బయటివాడి చేతిలో. లోపలివాడు పడిపోతే బయటివాడు దూకకూడదు. మొదటివాణ్ని కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు పోయిన వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉంటాం. కేక వేయాలి, పగ్గం లాగాలి, 101కీ 108కీ ఫోన్ చేయించాలి. పగ్గం కొస స్తంభానికి కట్టేసి టీకి వెళ్లిన మనిషిని నేను ఒకసారి పట్టుకున్నాను. టీ బండి వస్తే ముందు లోపలివాణ్ని పైకి రప్పించండి, తర్వాత ఇద్దరూ వెళ్లండి.